బిళ్ళకు అందని నొప్పి

జూన్ 9

బండి దారిలో ఆగితే ఎందుకు ఆగిందో డ్రైవరు ఆ రోజే బండి పుస్తకంలో రాసిపెట్టాలని మా తీగబండ్ల కంపెనీ నియమం. గాలి, పిడుగు, కరెంటు, కొంగ. వీటిలో ఏదో ఒకటి రాస్తే ఎవరూ ఏమీ అడగరు. నా విషయంలో ఇవేవీ కావు. కారణం: చెమట. ఈరోజూ అదే రాశాను. నిన్నా అదే. రాసే చోటు చాలక వెనక కాగితాల్లోకి వచ్చాను. ఇక్కడ కాస్త కోపం కూడా రాసుకోవచ్చు.

పొద్దున రెండో ట్రిప్పు, ఎర్రమెట్ట నుంచి గెడ్డమెట్టకు. తీగకు వేలాడే బండి నిండా జనం. కింద సముద్రం పోటు మీదుంది. పాత ఊరి ఫ్లైఓవరు పూర్తిగా మునిగిపోయి, దాని లైటు స్తంభాల తలలు మాత్రం వరసగా పైకి కనిపిస్తున్నాయి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా అరచెయ్యి బండిని నడిపించే పలక మీద జారింది. బండి గాల్లో ఊగుతూ ఆగిపోయింది.

"చెయ్యి తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించండి" అంది పలక.

తుడుచుకుని పెట్టాను. మళ్ళీ అదే మాట. నడుముకు దోపుకున్న తువ్వాలు అప్పటికే పిండితే నీళ్ళు కారేలా ఉంది. వెనకనుంచి చేపల తట్ట పెట్టుకున్న ఒకావిడ లేచింది.

"ఏటమ్మా, సేతికి నూనె రాసుకొచ్చావేటి? ఇక్కడ ఐసు కరిగిపోతంది!"

"నూనె కాదప్పా, సెమట."

"ఇంత గాలికి సెమటేటి!"

గాలికీ ఎండకీ దీనికీ సంబంధం లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ నా అరచేతులు ఇంతే. బడిలో పరీక్ష కాగితాలు తడిసి చిరిగేవి. పెళ్ళిలో మా ఆయన సన్యాసి నా చెయ్యి పట్టుకుని, భయపడుతున్నాననుకుని జాలిపడ్డాడు. భయం కాదని తెలియడానికి అతనికి నెల పట్టింది.

తొమ్మిదేళ్ళుగా బండి నడుపుతున్నాను. మొన్నటిదాకా ఇనప మీట ఉండేది. దానికి గుడ్డ చుట్టుకుని పట్టుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. వేరే లైన్లో ఎవరో డ్రైవరు కునుకు తీశాడు, బండి వెళ్ళి స్తంభాన్ని కొట్టింది. ఆ దెబ్బతో మీటలన్నీ పీకేసి పలకలు బిగించారు. డ్రైవరు అరచెయ్యి దారి పొడుగునా పలకకు ఆని ఉండాలి. చెయ్యి తీస్తే బండి ఆగుతుంది. ఆలోచన మంచిదే. నా చేతులు రెండూ తప్ప మిగతా అందరి చేతులకూ అది బాగానే పనిచేస్తోంది.

సాయంత్రం సూపర్‌వైజరు పైడమ్మగారు పిలిచారు. ఆవిడ కుర్చీ ఎప్పుడూ కిటికీకి ఎదురుగా ఉంటుంది, ఏ బండి ఎక్కడ ఆగినా కనిపించేలా.

"రత్నం, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు మంచి డ్రైవరువి. కానీ జనం గాల్లో ఏలాడిపోతన్నారు. ఆసుపత్రిలో దీనికి ఇంజక్షన్లున్నాయంట. ఏయించుకో. వానలు ఎలిసేలోగా సెయ్యి ఆరకపోతే నీ లైను ఇంకొకరికి ఇచ్చీవలసొస్తది."

అంతవరకూ బండ్ల అద్దాలు తుడవమన్నారు. టిక్కెట్ల దగ్గర కూర్చోబెట్టడానికి లేదు. అక్కడ కూడా పలకే.

జూన్ 16

ఇంటి సంగతి కూడా రాస్తాను. మా మెట్ట మీద కుళాయి చెయ్యి చూపిస్తేగాని రాదు. తలుపూ అంతే. సన్యాసి నీళ్ళుతోడే పడవ మీద పనిచేస్తాడు. వెళ్ళేముందు కుళాయికి తన చెయ్యి చూపించి బిందెలన్నీ నింపి పోతాడు. అవి అయిపోతే పక్కింటివాళ్ళ తలుపు తట్టాలి. ఈరోజు బియ్యం కడిగి, ఆ నీళ్ళతోనే కూరగాయలు కడిగాను. ఆకాశం నుంచి ధారగా వాన పడుతోంది, ఇంట్లో చుక్క నీరు లేదు. ఎదురుగా కుళాయి "చెయ్యి తుడుచుకుని" అంటోంది. దాన్ని గరిటెతో ఒక్కటి కొట్టాను. కుళాయికి ఏమీ కాలేదు గాని గరిటె వంగింది.

"ఇంజక్షనే కదా, ఏయించీసుకో" అన్నాడు సన్యాసి రాత్రి అన్నం తింటూ. ఇంజక్షను పేరు చెబితేనే మొహం పక్కకు తిప్పుకునే మనిషి.

జూన్ 20

గెడ్డమెట్ట ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు పేరు ఇందుశేఖర్. చిన్న వయసే, కళ్ళకింద మాత్రం అలసట పేరుకుపోయి ఉంది. నా చేతికి అయోడిను రాసి, ఆరాక మీద గంజిపొడి చల్లాడు. చెమట పట్టిన చోటల్లా నల్లబడుతుందట. చూస్తుండగానే అరచెయ్యి మొత్తం, వేళ్ళ చివర్లతో సహా, మాడిన అట్టులా అయింది.

"ఎక్కడ గుచ్చాలో తెలుస్తుందనుకున్నాను. అంతా గుచ్చాలన్నమాట" అన్నాడాయన.

తర్వాత విడమరచి చెప్పాడు. మందు చర్మం కిందకి కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. అది చెమట పట్టించే నరాలను నిద్రపుచ్చుతుంది. కొద్దిరోజుల్లో చెయ్యి ఆరుతుంది. ఆర్నెల్లు అటూఇటుగా పనిచేసి వదిలేస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. ఒక్కో చేతికి యాభై దాకా పోట్లు.

"నొప్పెడతాదా అండీ?"

"పెడుతుంది. ఒంట్లో ఇంకెక్కడా లేనన్ని నరాలు అరచేతిలో ఉంటాయి. వేళ్ళ చివర్లు మరీను. అందుకే ముందు మణికట్టు దగ్గర మత్తు ఇచ్చి చెయ్యంతా మొద్దుబారేలా చేస్తాం." గోడకు బిగించిన ఉక్కు పెట్టెను చూపించాడు. "మత్తు అందులో ఉంది. తాళం నా దగ్గర లేదు."

"ఎవరి దగ్గరుంది?"

"నొప్పిమీటరు దగ్గర."

ఇది అందరికీ తెలిసిన కథే. మా అమ్మ రోజుల్లో నొప్పి మందులు దారి తప్పి, జనం వాటికి బానిసలై ఎన్నో ఇళ్ళు పాడయ్యాయి. అప్పటినుంచి పేషెంటు మాట మీద గాని, డాక్టరు మాట మీద గాని పెట్టె తెరుచుకోదు. అరచేతికి ఒక బిళ్ళ అంటిస్తారు. గుచ్చినప్పుడు మీటరు ఐదు గీతలు పెరిగితే పెట్టె తనే తెరుచుకుంటుంది.

"ఆ బిళ్ళకి నొప్పి ఎలా తెలుస్తాదండీ?"

డాక్టరు గంజిపొడి డబ్బాకు మూత పెట్టాడు. "నొప్పి వచ్చినప్పుడు మనిషి అరచేతికి సన్నగా చెమట పడుతుంది. బిళ్ళ ఆ చెమటను కొలుస్తుంది."

నేను ఆయన వైపు చూశాను. ఆయన తన బల్ల వైపు చూసుకున్నాడు.

"నాకు తెలుసమ్మా. పైకి మూడుసార్లు రాశాను" అన్నాడు.

జూన్ 27

మొదటి విడత. కుడిచేతికి.

సిస్టర్ ఎస్తేరు నన్ను పడుకోబెట్టి ఎడమ అరచేతికి బిళ్ళ అంటించింది. పెద్దావిడ, చేతులు వెచ్చగా ఉన్నాయి. సూది ఇంకా కాగితంలోనే ఉంది. మీటరు అప్పుడే తొమ్మిదికి పోయింది.

పెట్టె మాట్లాడింది. ఆడగొంతు, మహా మర్యాద. "మీ మామూలు స్థితి తొమ్మిదిగా గుర్తించాం. దీనిపై ఐదు పెరిగినప్పుడు మందు అందుతుంది."

మీటరు మీద మొత్తం ఉన్నవే పది గీతలు.

"మొదలుపెట్టమంటారా? వద్దంటే ఆపేద్దాం" అన్నాడు డాక్టరు.

అద్దాలు తుడిచే గుడ్డ గుర్తొచ్చింది. మొదలుపెట్టమన్నాను.

మొదటి పోటు బొటనవేలి కింద, కండ మీద. సూది దిగడం ఒక నొప్పి. ఆ వెనకే మందు లోపలికి పోతుంటే ఇంకో నొప్పి, నిప్పుకణిక చర్మం కిందికి దూర్చినట్టు. ఒక్కటైతే ఎవరైనా ఓర్చుకుంటారు. అది చల్లారకముందే పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. పళ్ళు బిగపట్టాను. కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. మీటరు తొమ్మిదిన్నర దగ్గర నిలబడి ఉంది.

"డాక్టర్‌గారూ, పిల్ల వణికిపోతోంది" అంది ఎస్తేరు.

"చూస్తున్నాను సిస్టర్."

బొటనవేలి చుట్టూ అయ్యాక చెయ్యి లాగేసుకున్నాను. కావాలని కాదు, దానంతటదే వచ్చేసింది. సూది గీరుకుని రక్తం వచ్చింది. డాక్టరు సూది పక్కన పెట్టి ఇవాళ్టికి చాలన్నాడు. లేచి కూర్చుంటే పెట్టె "నొప్పి లేకుండా చికిత్స పూర్తిచేసుకున్నందుకు అభినందనలు" అంది.

ఎస్తేరు దానికేసి చూసి "సైతాను" అంది నెమ్మదిగా.

జూలై 1

పెట్టె పెట్టిన శాఖకు ఫోను చేశాను. అక్కడా మనిషి లేడు, మిషను గొంతే. చెప్పిందంతా విని, నా మామూలు స్థితి తొమ్మిదే గనుక నాకు తొమ్మిది అలవాటైపోయి ఉంటుందని చెప్పింది.

ఇంకోసారి చేశాను. ఈసారి నేను అరిచాను. గొంతు హెచ్చుగా ఉందనీ, ప్రశాంతంగా ఉన్నప్పుడు మళ్ళీ చేయమనీ చెప్పి పెట్టేసింది.

జూలై 5

కుడి బొటనవేలి కింద ఆరింది.

నమ్మలేక ఎడమచేతి వేలితో తడిమి చూశాను. ఎడమవేలు తడిది కాబట్టి ఏమీ తెలియలేదు. బుగ్గకు ఆనించుకుంటే తెలిసింది. ఎండలో ఆరేసిన బట్టలా ఉంది. సన్యాసిని లేపి చూపించాను. అతను ఆ కాస్త చోటును వేలితో రాసి చూసి, "ఇదేటి, ఎవులి సెయ్యిలాగో ఉంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ నెల రోజుల్లో ఇంట్లో నవ్వు వినబడింది ఇప్పుడే.

మిగిలిన చెయ్యి మాత్రం ఎప్పటిలాగే కారుతోంది. పలకకు అరచెయ్యంతా కావాలి.

జూలై 11

రెండో విడత. ఈసారి డాక్టరు ఒక ఉపాయం ఆలోచించాడు. తడిచేతికి బిళ్ళ పెడితే తొమ్మిది చూపిస్తోంది కాబట్టి, ఆరిన చోట పెడదామన్నాడు. బొటనవేలి కింద అంటించారు. మీటరు సున్నా చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

గుచ్చాడు. సున్నా. ఇంకొకటి గుచ్చాడు, నేను కెవ్వుమన్నాను. సున్నా. ఆ చోట చెమట పట్టించే నరాలు నిద్రపోయాయి కదా, నన్ను కోసి ఉప్పు రాసినా అక్కడ చెమ్మ రాదు. తడిగా ఉంటే ఎప్పుడూ తొమ్మిది, ఆరితే ఎప్పుడూ సున్నా. ఈ రెంటి మధ్య నా నొప్పికి చోటే లేదు.

"వేరేచోట అంటించలేరా? నుదుటి మీద? వీపు మీద?"

"అరచెయ్యి కాకపోతే మీటరు తీసుకోదు" అన్నాడు డాక్టరు. ఆయన గొంతులోనూ విసుగే.

ఎస్తేరు తనకు తెలిసినవన్నీ చేసింది. చిన్న సంచుల్లో ఐసు నింపి అరచేతికి అదిమింది. ఎవరో మెడనొప్పి పేషెంటుకు వాడే మర్దన మిషను తెచ్చి మణికట్టుకు ఆనించింది. అది జుయ్యిమని వణుకుతుంటే, ఆ వణుకు మధ్యలో డాక్టరు గబుక్కున గుచ్చేవాడు. నిజం చెప్పాలంటే అది కొంత పనిచేసింది. నొప్పి ఎక్కడుందో, వణుకు ఎక్కడుందో తెలియక ఒళ్ళు తికమకపడేది. అరచెయ్యి మధ్యభాగం అలా గట్టెక్కింది.

వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏదీ ఆగలేదు. చూపుడువేలి చివర గుచ్చగానే కళ్ళముందు తెల్లబడింది. వాంతి అయింది. ఐదు వేళ్ళూ మిగిలిపోయాయి.

బండెక్కి ఇంటికొస్తుంటే నా బదులు నడుపుతున్న కుర్రది పలక మీద ఒక్క చెయ్యి పెట్టి, రెండో చేత్తో వేరుశనక్కాయలు తింటోంది. చూడలేక కిటికీ వైపు తిరిగాను.

జూలై 14

పైడమ్మగారు అద్దాలు తుడుస్తున్న చోటికి వచ్చారు.

"ఎన్నిసార్లు ఎల్తావు రత్నం? ఎల్లడం, సగంలో లేచొచ్చీడం. ఆసుపత్రోళ్ళు పంపిన కాగితంలో నొప్పి సున్నా అనుంది. కంపెనీకి ఏటి సెప్పమంటావు నన్ను?"

"కాగితం అబద్ధమండి."

"కాగితం అబద్ధమాడతాదేటి?"

చేతిలో గుడ్డ బకెట్లో పడేశాను. నీళ్ళు ఆవిడ చెప్పుల మీద చిందాయి. "అయితే మీరే వచ్చి సూడండి మేడంగారూ. పక్కన కూకుని సూడండి."

ఉద్యోగం అక్కడికక్కడే పోయిందనుకున్నాను. ఆవిడ చెప్పులు దులుపుకుని, "వస్తాను. నాకేటి బయ్యం?" అన్నారు.

జూలై 19

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వేళ్ళు మిగిలాయి. డాక్టరు ఆరిన చోట బిళ్ళ అంటించాడు. పైడమ్మగారు నా తల పక్కన స్టూలు మీద కూర్చున్నారు, సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు. ఎస్తేరు ఐసు పట్టుకుంది. ఉంగరపు వేలి చివర మొదటి పోటు పడింది.

నేను అరవలేదు. అరవకూడదని ముందే అనుకున్నాను. నోరు మూసుకుంటే ఆ కేక ఎక్కడికి పోతుంది? ఒళ్ళంతా విల్లులా లేచింది. బిళ్ళ పొడి చర్మం మీద పట్టు దొరక్క ఊడి దుప్పటి మీద పడింది. పైడమ్మగారు కంగారులో ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నారు, రెండో చేత్తో బిళ్ళ కింద పడిపోకుండా అందుకుని గుప్పిట్లో పెట్టుకున్నారు.

"కదలకు రత్నం, కదలకు తల్లీ. ఒక్కటే, ఇంకొక్కటే" అంటున్నారు. ఆవిడ నన్ను తల్లీ అనడం నేనెప్పుడూ వినలేదు.

రెండో పోటు. నా కళ్ళవెంట నీళ్ళు జారాయి. ఎస్తేరు ఏదో ప్రార్థన మొదలుపెట్టింది.

మీటరు రెండు చూపింది. తర్వాత నాలుగు. ఆ తర్వాత ఎనిమిది.

"నొప్పి గుర్తించాం. మందు తీసుకోవచ్చు" అంది పెట్టె. తలుపు తెరుచుకుంది.

డాక్టరు నా చేతివైపు చూశాడు, తర్వాత పైడమ్మగారి గుప్పిటవైపు. ఆవిడ మెల్లిగా చెయ్యి విప్పారు. అరచెయ్యి తడితో మెరుస్తోంది.

"నా సేతికి ఎప్పుడూ సెమట పట్టదండి" అన్నారావిడ, నేరం చేసినట్టు. "ఆ పిల్లని అలా సూత్తా కూకోలేకపోనాను."

కుళాయికీ తలుపుకీ మన చేతిగీతలు కావాలి. ఈ బిళ్ళకు చెమట చాలు, చెయ్యి ఎవరిదైనా ఫర్వాలేదు.

"డాక్టర్‌గారూ, పెట్టె తెరిచే ఉంది" అంది ఎస్తేరు.

"ఏసీయండి" అన్నాను నేను.

ఆయన వేశాడు. మణికట్టు దగ్గర మూడు చోట్ల. కాసేపటికి నా చెయ్యి వేరేవాళ్ళ వస్తువులా బల్లమీద పడి ఉంది. వేళ్ళన్నీ గుచ్చుతుంటే నేను చూస్తూ ఉన్నాను. అదుముతున్నట్టు తెలుస్తోంది గాని నొప్పి లేదు. ఇన్నాళ్ళూ ఆ పెట్టెలో నాకు రెండడుగుల దూరంలో ఉన్నది ఇదా! సంతోషం రావాల్సింది. ఒళ్ళు మండింది.

జూలై 20

ఒళ్ళు ఇంకా మండుతోంది, ఇప్పుడు డాక్టరు మీద.

నిన్న అంతా అయ్యాక ఆయన కేసు కాగితంలో ఉన్నదున్నట్టు రాశాడు. బిళ్ళ పేషెంటు చేతికి కాక పక్కనున్న మనిషి చేతిలో ఉండగా పెట్టె తెరుచుకుందని. ఈ పొద్దున శాఖ మనుషులొచ్చి పెట్టెకు సీలు వేసి పోయారట. విచారణ అయ్యేదాకా మత్తు లేదు. నా ఎడమచెయ్యి మొత్తం మిగిలే ఉంది.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"ఎందుకు రాశారండీ? ఎడంచేతికి కూడా మేడంగారినే కూకోబెడితే అయిపోయీది కదా!"

"మీకు అయిపోయేది" అన్నాడు. "ఈ నెలలో అరచేతుల కోసం మీతో కలిపి నలుగురు వచ్చారు. అందరి కాగితాల్లోనూ నొప్పి సున్నా అనే ఉంది. నేను అబద్ధం రాస్తే మీటరు సరిగ్గానే పనిచేస్తోందని రాసినట్టు. ఐదోవాళ్ళు వస్తే ఏం చెప్పను?"

"ఐదోవాళ్ళ కోసం నా సెయ్యి తాకట్టు పెట్టీసారా?"

ఆయన బల్లమీది కాగితాలు సర్దుకున్నాడు. ఏదో ఒక జవాబు చెప్పి ఉంటే బాగుండేది. పోట్లాడటానికైనా పనికొచ్చేది.

ఆగస్టు 2

వానలు తగ్గుముఖం పట్టాయి. విచారణ ఎప్పుడో ఎవరూ చెప్పరు. కుడిచెయ్యి ఆరింది, కానీ పలక మీద గంట గంటకూ చెయ్యి మార్చాలి. ఒక్క చేతికి లైను ఇవ్వరు. మత్తు లేకుండానే ఎడమచెయ్యి చేయించుకుంటానని కబురు పంపాను. పంపి, పెరట్లో కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు, పంతంతో.

ఆగస్టు 6, 13

రెండు విడతలు కలిపి రాస్తున్నాను. మొదటిదాని తర్వాత రాసే ఓపిక లేకపోయింది.

డాక్టరు ముందే ఒక మాట చెప్పాడు. "ఈసారి పగ్గం మీ చేతిలో. మీరు ఆపమంటే సూది గాల్లో ఉన్నా ఆపుతాను. గుచ్చమంటేనే మళ్ళీ మొదలుపెడతాను. ఎంతసేపైనా సరే."

నమ్మలేదు. రెండో పోటుకే పరీక్షగా ఆపమన్నాను. ఆపాడు. ఊరికే కూర్చున్నాడు. గోడవైపు చూశాడు. నేను గుచ్చమన్నాక మొదలుపెట్టాడు.

ఎస్తేరు ఏ వేలికి ఆ వేలు ఐసులో పెట్టి, అది తెల్లబడ్డాకే డాక్టరుకు అందించింది. మర్దన మిషను పైడమ్మగారు పట్టుకున్నారు. పిలవకుండానే వచ్చారావిడ. సన్యాసి కూడా వచ్చాడు, గుమ్మం దాకా. సూది చూడగానే బయటికి పోయి అక్కడినుంచే "అయిపోనాదా? అయిపోనాదా?" అని అడుగుతూ ఉన్నాడు. చివరికి ఎస్తేరు తలుపు వేసేసింది.

నొప్పి తగ్గిందా అంటే లేదు. ఆ నొప్పి ఆ నొప్పే. కానీ జూన్‌లో అది నా మీద పడింది, ఇప్పుడు నేను పిలిస్తే వస్తోంది. ఆపమన్నప్పుడు ఆగే నొప్పిని ఎలాగో భరించొచ్చు. ఎన్నిసార్లు ఆపించానో లెక్కలేదు. చిటికెనవేలి దగ్గర నోటికొచ్చిన తిట్లన్నీ డాక్టరును తిట్టాను. ఆయన "ఇంకొకటి ఉంది, గుచ్చమంటారా?" అన్నాడు. గుచ్చమన్నాను.

ఐదోవాళ్ళ కోసం ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒక్కోసారి అనుకోను.

ఆగస్టు 24

లైను ఇచ్చారు. పిడికిలి పట్టు కొంచెం తగ్గింది. బిందె ఎత్తితే వేళ్ళు నీరసంగా ఉంటున్నాయి. కొన్ని వారాల్లో పోతుందట. పలకకు పట్టు అక్కర్లేదు, ఆనితే చాలు. ఆనించాను. బండి బయలుదేరింది. ఫ్లైఓవరు దాటాం. ఎవరూ నావైపు చూడలేదు. నాకు కావలసింది అదే.

సెప్టెంబరు 18

విచారణ. పెద్ద గదిలో చిన్న బల్ల. వచ్చిన అధికారి దురుసు మనిషి కాదు. ఆయనకు మా అందరికన్నా ఎక్కువ తొందరగా ఉంది. నన్ను అడిగాడు, చెప్పాను. డాక్టరును చాలాసేపు అడిగాడు. తర్వాత పైడమ్మగారిని.

"బిళ్ళ పేషెంటు చేతికి ఉన్నప్పుడు మీటరు సున్నా చూపించింది. అయినా ఆవిడకు నొప్పి ఉందని మీరంటున్నారు. మీకెలా తెలుసు?"

"ఆవిడ సెప్పింది కదండీ" అన్నారు పైడమ్మగారు.

"చెబితే సరిపోతుందా? మందు కోసం ఎవరైనా చెబుతారు."

"సెప్తారండి. నేను కూడా ఈ పిల్ల అబద్ధమాడతందనే అనుకున్నాను. కాగితమే సూసాను, మొకం సూళ్ళేదు." ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కున్నారు. "నా కింద అరవైమంది డ్రైవర్లున్నారండి. కడుపునొప్పని సెలవడుగుతారు. అందులో కొందరు అబద్ధమాడతారు. అలాగని నొప్పితో ఉన్నోడిని బండెక్కించీగలనా?"

అధికారి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో మాకు కనిపించలేదు. డాక్టరుకు మూడు నెలలు పెట్టె ముట్టుకోకూడదని శిక్ష వేశారు. ఆయన పేషెంట్లు వేరే డాక్టరు దగ్గరికి మెట్టెక్కి దిగాలి. ఇది కూడా అన్యాయమే. చెబుదామని లేచాను, విచారణ ముగిసిందన్నారు.

నవంబరు 30

ఆర్డరు వచ్చింది. అరచేతి చెమట చికిత్సకు మాత్రం, ప్రస్తుతానికి మాత్రం, మీటరు బదులు పేషెంటు చెప్పిన అంకె తీసుకోవచ్చట. రెండు 'మాత్రం'లు. గుండె ఆపరేషన్లవాళ్ళకూ కాన్పులవాళ్ళకూ ఆ పాత బిళ్ళే. ఎస్తేరు ఫోనులో చదివి వినిపిస్తూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇంత చిన్నదానికి ఇంత తిప్పలా అనిపించింది.

ఫిబ్రవరి 11

చెమట తిరిగొచ్చింది, డాక్టరు చెప్పినట్టే. నిన్న బండి ఒకసారి ఆగింది. ఈరోజు మళ్ళీ అదే బల్ల మీద పడుకున్నాను. ఇందుశేఖర్‌గారి శిక్ష అయిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం సూటిగా చూసుకోలేదు గాని, "కుడిచేత్తో మొదలుపెడదామా?" అని ఆయన నన్ను అడిగాడు, నేను తలూపాను.

పెట్టె గొంతు మారలేదు. ప్రశ్న మారింది. "ఇప్పుడు మీకు నొప్పి ఎంత?"

గదిలో అందరూ నావైపు చూశారు. తొమ్మిది అనొచ్చు. పది అన్నా కాదనేవాళ్ళు లేరు. ఒక్క పోటు కూడా పడకముందే చెయ్యి మొద్దుబారుతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. గుచ్చకముందే పది అని ఉంటే, రేపు ఎక్కడో ఎవరో ఆ అంకెను చూసి మళ్ళీ బిళ్ళే తెస్తారని గుర్తొచ్చింది.

"సున్నా. ఇంకా గుచ్చలేదు కదా" అన్నాను.

ఎస్తేరు నవ్వు ఆపుకుంది. డాక్టరు వేలి చివర ఒక్కటి గుచ్చాడు. అదే నిప్పుకణిక లోపలికి దూరింది. ఊపిరి అందలేదు.

"ఇప్పుడు మీకు నొప్పి ఎంత?"

దాన్ని నిజంగా కొలవడానికి ప్రయత్నించాను. నిరుటి ఉంగరపు వేలంత లేదు. అరచెయ్యి మధ్యకన్నా ఎక్కువ.

"ఏడు" అన్నాను.

పెట్టె తెరుచుకుంది. నేను చెయ్యి చాపాను.